గేట్‌వేకి పింగ్ వస్తోంది, ఆ పైకి పోవట్లేదు – సీసీఎన్ఏ ల్యాబ్

గాజువాక_ల్యాబ్:
200-301 (సిస్కో వాళ్ల సీసీఎన్ఏ పరీక్ష) కోసం ప్యాకెట్ ట్రేసర్‌లో (నెట్‌వర్క్ సిమ్యులేటర్) మూడు సిస్కో 2911 రౌటర్లు పెట్టాను. పేర్లు గాజువాక, మధురవాడ, భీమిలి. మధ్యలో /30 లింకులు (రెండు చివరలకీ సరిపడా రెండే అడ్రసులు), అంతా ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) ఏరియా 0. గాజువాక కింద ఒకే స్విచ్ మీద వీలాన్ 10, వీలాన్ 20 (ఒకే స్విచ్‌ని విడదీసి చేసిన రెండు నెట్‌వర్కులు). వీలాన్ 10 నుంచి భీమిలి దాకా పింగ్ పోతోంది. వీలాన్ 20 పీసీకి 192.168.20.1 ఒక్కటే బదులిస్తోంది. ఓఎస్‌పీఎఫ్ నైబర్లన్నీ (పక్క రౌటర్లు) ఫుల్ స్టేట్‌లోనే, అంటే పూర్తిగా కలిసే ఉన్నాయి. ఎక్కడ చూడాలండీ?

సీతమ్మధార_కన్సోల్:
ముందు వీలాన్ 20 నుంచి వీలాన్ 10 పీసీకి పింగ్ కొట్టండి. అదీ పోకపోతే ఓఎస్‌పీఎఫ్ జోలికి వెళ్లక్కర్లేదు. ఆ రెండు నెట్‌వర్కులూ గాజువాక రౌటర్‌కి నేరుగా తగిలినవే, వాటి మధ్య రౌటింగ్ ప్రోటోకాల్‌తో పనే లేదు.

గాజువాక_ల్యాబ్:
అదీ పోవట్లేదు.

సీతమ్మధార_కన్సోల్:
అయితే పీసీలో ఐపీకాన్ఫిగ్ కొట్టి డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్కులకి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్) చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. గేట్‌వేకి పింగ్ వచ్చినంత మాత్రాన పీసీలో గేట్‌వే సరిగా ఉన్నట్టు కాదు. 20.1 అదే సబ్‌నెట్‌లో ఉంది కాబట్టి గేట్‌వే గడి ఖాళీగా ఉన్నా ఏఆర్‌పీతో (ఐపీని బట్టి హార్డ్‌వేర్ అడ్రస్ కనుక్కునే పద్ధతి) నేరుగా దొరుకుతుంది. బయటి సబ్‌నెట్‌కి పంపాల్సి వచ్చినప్పుడే లోటు తెలుస్తుంది.

మద్దిలపాలెం_రౌట్:
డీహెచ్‌సీపీ (పీసీలకి అడ్రసులు దానంతటదే ఇచ్చేది) వాడుతుంటే వీలాన్ 20 కోసం పెట్టిన రెండో పూల్‌లో డిఫాల్ట్-రౌటర్ లైను ఉందో లేదో చూడండి. నెట్‌వర్క్ లైను ఒక్కటే ఉన్నా అడ్రస్ వచ్చేస్తుంది, అందుకే అనుమానం రాదు.

ట్రంక్ (రెండు వీలాన్లనీ మోసే స్విచ్-రౌటర్ లింకు) మాత్రం మీది బాగానే ఉంది, లేకుంటే 20.1 కూడా పలికేది కాదు. ఈ ల్యాబ్ మళ్లీ కట్టేటప్పుడు వరస గుర్తుపెట్టుకోండి: సబ్‌ఇంటర్‌ఫేస్‌లో (రౌటర్ పోర్టులో ఒక్కో వీలాన్‌కి చేసే భాగం) ముందు ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 20, తర్వాతే ఐపీ అడ్రస్. తిరగేస్తే ఐఓఎస్ (సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్) ఒప్పుకోదు. నో షట్‌డౌన్ అసలు పోర్టు మీద ఇవ్వాలి, అది డౌన్‌లో ఉంటే సబ్‌ఇంటర్‌ఫేస్‌లు లేవవు.

గాజువాక_ల్యాబ్:
దొరికింది. రెండో పూల్‌లో ఆ లైను లేదు, పీసీలో గేట్‌వే 0.0.0.0 చూపిస్తోంది. డిఫాల్ట్-రౌటర్ 192.168.20.1 ఇచ్చి పీసీలో ఐపీకాన్ఫిగ్ /రెన్యూ కొట్టాను, భీమిలి దాకా పోతోంది. చాలా థాంక్సండీ.

భీమిలి_బీచ్‌రోడ్:
ఈ ఫైలు దాచుకుని ఇప్పుడు మీరే చెడగొట్టండి, అసలు సాధన అదే. మధురవాడ వైపు లింకులో హలో టైమర్ (ఎన్ని సెకన్లకోసారి నైబర్‌ని పలకరించాలో) 10 నుంచి 15 చేయండి. పాత డెడ్ టైమర్ (హలో రాకపోతే ఎంతసేపు ఆగాలో) అయిపోయాక నైబర్ జాబితాలోంచే పోతుంది, ఎందుకంటే హలో, డెడ్ రెండు వైపులా ఒకటే ఉండాలి. ఏరియా నంబరు మార్చినా అంతే. నైబర్ ఎక్స్‌స్టార్ట్‌లో (ఫుల్ కంటే ముందు వచ్చే స్టేట్) ఆగిపోతే మాత్రం మొదట ఎంటీయూ (లింకులో పోయే ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడా చూడాలి. ఏ లక్షణానికి ఏ కారణమో చేతికి అలవాటైతే 120 నిమిషాల పరీక్షలో తడుముకోరు.

సీరియల్ లింకు కోసం హెచ్‌విక్-2టీ కార్డు పెట్టాలంటే రౌటర్ పవర్ ఆపాలి. ముందే కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్ ఇవ్వకపోతే కట్టిందంతా పోతుంది.

మద్దిలపాలెం_రౌట్:
పాత రౌటర్ కొని చేసేవాళ్లకి ఒక మాట. కన్సోల్ స్పీడు 9600, 8 బిట్లు, పారిటీ లేదు, స్టాప్ 1. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే స్పీడు తేడా. ఏమీ రాకపోతే కేబులూ, పోర్టు పిన్నులూ చూడండి, మన విశాఖ ఉప్పుగాలికి చిలుము పడుతుంది. పాత పాస్‌వర్డ్ అడిగితే రొమ్మాన్‌లో (ఐఓఎస్ లేవకముందు వచ్చే రికవరీ మోడ్) కాన్ఫిగ్ రిజిస్టర్ 0x2142 చేసి బూట్ చేయండి, సేవ్ అయిన కాన్ఫిగ్ చదవకుండా లేస్తుంది. పని అయ్యాక 0x2102కి మార్చడం మరిచిపోతే, సేవ్ చేసినా ప్రతి రీబూట్‌కీ ఖాళీ రౌటరే లేస్తుంది.