హార్విచ్ మగ, కాంటన్-ఎస్ ఆడ: 29 డిగ్రీల్లోనూ కూతురు ఈగలకి గుడ్లు ఎందుకు వస్తున్నాయి?

పండ్ల ఈగల్లో దూకే జన్యువైన పీ ఎలిమెంట్ పనితీరు చూడ్డానికి హార్విచ్ (పీ ఎలిమెంట్ ఉన్న రకం) మగ ఈగల్ని కాంటన్-ఎస్ (అది లేని రకం) ఆడ ఈగలతో కలుపుతున్నాను. తల్లి గుడ్డులో పీ ఎలిమెంట్‌ని అణిచే పై-ఆర్ఎన్ఏలు (piRNA అనే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు) ఉండవు కాబట్టి, తండ్రి నుంచి వచ్చిన పీ ఎలిమెంట్ అదుపు లేకుండా దూకి, 29 డిగ్రీల్లో పెరిగిన కూతురు ఈగల్లో దాదాపు అన్నిటికీ అండాశయాలు ముడుచుకుపోవాలి. నాకేమో 50 ఈగల్ని కోసి చూస్తే 9 మాత్రమే అలా ఉన్నాయి. మిగతావాటి పొట్ట విప్పగానే తెల్లటి గుడ్లు గుత్తిలా బయటికొస్తున్నాయి! ఆ 9లో కూడా నాలుగింటికి ఒక వైపే పోయింది, రెండో వైపు నిక్షేపంగా ఉంది.

తిరగేసిన (హార్విచ్ ఆడ, కాంటన్-ఎస్ మగ) క్రాస్‌లో అన్నీ మామూలుగానే ఉన్నాయి. తల్లి ఈగల్ని వేరే మగవాటితో జతకట్టకముందే, ప్యూపా నుంచి బయటికొచ్చిన 6 గంటల్లోపే వేరు చేశాను. కాంటన్-ఎస్‌లో పీ ఎలిమెంట్ చేరిందేమోనని పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) చేస్తే బ్యాండ్ రాలేదు, హార్విచ్‌లో స్పష్టంగా వచ్చింది. ఇంక్యుబేటర్ డిస్‌ప్లేని నమ్మకుండా లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూశాను: 28.8 నుంచి 29.1. మొత్తం క్రాస్ రెండోసారి చేసినా ఇదే తంతు.

ఒక్క విషయం మాత్రం గుచ్చుతోంది. 29లో తల్లి ఈగలు సరిగ్గా గుడ్లు పెట్టడం లేదని, 25 డిగ్రీల్లో పెట్టించి, మూడో రోజు పిల్ల పురుగులు కనబడ్డాక వయల్స్‌ని 29కి మార్చాను. ప్యూపా దశలోనూ 29లోనే ఉన్నాయి.

ఇలా మూడో రోజు మార్చడమే తప్పా, గుడ్డు పెట్టినప్పటి నుంచే 29లో ఉంచాలా? లేక నా హార్విచ్ స్టాకే బలహీనపడిందనుకోవాలా?