లాహిరి లాహిరి బాణీ సాలూరు వారిదా, ఘంటసాల గారిదా?

సాగరతీరం: నిన్న మద్దిలపాలెంలో పెళ్లికెళ్లాను, ఆర్కెస్ట్రా కుర్రాడు మైకులో "ఘంటసాల గారి సంగీతంలో లాహిరి లాహిరి" అన్నాడు. బాబూ, ఆ వరస సాలూరు రాజేశ్వరరావు గారిది అంటే నవ్వేశాడు. మాయాబజార్‌కి (1957) ముందు పెట్టుకున్నది ఆయన్నే, నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నారు. శ్రీకరులు దేవతలు, చూపులు కలసిన శుభవేళ, నీవేనా నను తలచినది, నాలుగోది ఇదే. ఆయన పుట్టింది సాలూరు దగ్గర శివరామపురం, అప్పుడది విశాఖ జిల్లాయే. మనమే చెప్పకపోతే ఎవరు చెప్తారు?

ఇజీనారం మనిషి: టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అనే ఉంది మాస్టారూ. అయిపోయింది.

గాజువాక గురూ: ఇద్దరూ గొప్పోళ్లే, వదిలేయండి.

సాగరతీరం: టైటిల్‌లో వేస్తే వరస మారిపోద్దా?

ఇజీనారం మనిషి: వరస ఇచ్చేస్తే పాట అయిపోద్దా? వాద్యాలన్నీ కూర్చి, లీల గారితో పాడి రికార్డు చేసింది ఘంటసాల, తమిళంలోనూ ఆ ఇద్దరే. మా విజయనగరం మ్యూజిక్ కాలేజీలో చదివిన మనిషి, ఆయనా మనోడే.

సాగరతీరం: వాద్యాలన్నీ తీసేసి ఒట్టి హార్మోనియం మీద వాయించు, మోహన రాగంలో పడవ ఊగుతూనే ఉంటది.

వెన్నెల: ఆ పాటలో వెన్నెల మాత్రం కెమెరామన్ మార్కస్ బార్ట్లీ గారిది, అదెవరూ లాక్కోకండి.

ఇజీనారం మనిషి: మీకు ఘంటసాల అంటే పడదు, అదీ సంగతి.

సాగరతీరం: నోరు జాగ్రత్త. మా నాన్న పగలు పోర్టులో పని, రాత్రి నాటకాలకి హార్మోనియం. ఆయన కట్టిన వరసలకి కరపత్రంలో వేరే ఆయన పేరేసేవారు. ఒక కరపత్రం ఇంకా హార్మోనియం పెట్టెలోనే ఉంది, అచ్చేసిన పేరు పక్కన పెన్సిల్‌తో తన పేరు తనే రాసుకున్నారు. చెరిగిపోతుందని నేను ముట్టుకోను కూడా.

ఇజీనారం మనిషి: అది తప్పే, ఒప్పుకుంటా. కానీ నేనూ 22 ఏళ్లు పెళ్లిళ్లలో తబలా వాయించాను. మధ్యలో వదిలేసి పోయినోళ్ల కచేరీలు ఎన్ని నిలబెట్టానో, ఒక్కడూ నా పేరు అడగలేదు. మిగతా సినిమా అంతా మోసింది ఎవరు? మొదలెట్టినోడే సొంతదారుడంటే నాకు కడుపు మండుతుంది.

సాగరతీరం: మోసింది ఆయనే, కాదన్లేదు. మైకులో రెండు పేర్లూ చెప్పమనండి, ముందు రాజేశ్వరరావు గారిది.

ఇజీనారం మనిషి: రెండూ సరే. ముందు మాత్రం ఘంటసాల గారిదే.