హెవీవెయిట్ బాక్సింగ్‌లో ఏ కాలం లోతైనది? ఛాంపియన్‌ని కాదు, ఏడో ర్యాంకు వాడిని చూడండి

ఎడమహుక్:
ఏ కాలం గొప్పదని అడిగితే చాలామంది ఛాంపియన్ పేరు చెప్పి ఊరుకుంటారు. లోతు తేలేది ఆరు నుంచి పదో ర్యాంకు దాకా ఉన్నవాళ్ల దగ్గర. ముందు ఒక ఏడాది ఎంచుకోండి. ఆ ఏడాది చివర బాక్సింగ్ పత్రిక 'ద రింగ్' ర్యాంకులిచ్చిన పదిమంది పేర్లు రాసుకోండి. అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లలో ఆ పదిమంది తమలో తాము ఎన్నిసార్లు తలపడ్డారు, కింది ర్యాంకు వాడు పైవాడిని ఎన్నిసార్లు ఓడించాడు, ఒక్కసారి కూడా ప్రపంచ ఛాంపియన్ బెల్టు దక్కనివాళ్లు ఎవరెవరిని పడగొట్టారు, ఈ మూడూ లెక్కపెట్టండి. నా దృష్టిలో మూడోదే అసలు కొలత.

1973 చూడండి. జెర్రీ క్వారీ ఏనాడూ ఛాంపియన్ కాలేదు. అలీ చేతిలో రెండుసార్లు, ఫ్రేజియర్ చేతిలో రెండుసార్లు ఓడాడు. ఆ క్వారీయే 1973 ఫిబ్రవరిలో అప్పటిదాకా ఓటమి ఎరగని రాన్ లైల్‌ను పాయింట్ల మీద ఓడించాడు. డిసెంబర్‌లో ఎర్నీ షేవర్స్‌ను మొదటి రౌండ్లోనే ముగించాడు. బెల్టు లేనివాడి స్థాయే అలా ఉంటే ఆ కాలం లోతు గురించి వేరే చెప్పాలా?

పదిహేనోరౌండు:
పద్ధతి బాగుంది. ఒక్క జాగ్రత్త చెప్తాను. ఎ బిని ఓడించాడు, బి సిని ఓడించాడు, కాబట్టి ఎ సిని ఓడిస్తాడు అనే లెక్క బాక్సింగ్‌లో చెల్లదు. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఫ్రేజియర్‌ను ఆరుసార్లు పడేశాడు. 1974లో కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండ్లో ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు. కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు, కానీ ఫోర్‌మన్ ముందు రెండు రౌండ్లు కూడా నిలవలేకపోయాడు. అంతా శైలిని బట్టే. ముందుకు దూసుకొచ్చేవాడికి ఫోర్‌మన్ యముడు. వెనక్కి జరుగుతూ, పంచ్ ఖాళీ పోయేలా చేసి కొట్టేవాడి దగ్గర అతని పప్పులు ఉడకలేదు.

అందుకే 1977లో శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ ఫైట్ మళ్లీ మళ్లీ చూడాలి. యంగ్‌ది నాకౌట్ చేసే చెయ్యి కాదు. ఏడో రౌండ్లో ఫోర్‌మన్ దెబ్బకు కుదేలైనా తట్టుకున్నాడు. ఆఖరి పన్నెండో రౌండ్లో ఫోర్‌మన్‌నే కింద పడేసి పాయింట్ల మీద గెలిచాడు. ఈ యంగ్‌కూ బెల్టు రాలేదు. షేవర్స్‌కూ రాలేదు. మొత్తం 74 విజయాల్లో 68 నాకౌట్లు అతనివి. 1979లో ఏడో రౌండ్లో అతని కుడిచేతి దెబ్బకు లారీ హోమ్స్ వెల్లకిలా పడ్డాడు. ఎలాగో లేచి, పదకొండో రౌండ్లో గెలిచాడు.

కార్నర్‌స్టూల్:
డెబ్బైలను నెత్తిన పెట్టుకునే ముందు ఇంకో వైపూ చూడండి. 1976లో అలీ టైటిల్ కాపాడుకున్న ఫైట్లలో కూప్‌మన్, రిచర్డ్ డన్ కూడా ఉన్నారు. వాళ్లను ఏ కాలంలోనూ మొదటి వరుసలో నిలబెట్టలేం. 1978లో అలీని ఓడించేనాటికి లియాన్ స్పింక్స్ ప్రొఫెషనల్‌గా ఆడింది ఏడే ఫైట్లు.

అంతకన్నా పెద్ద లోటు ఒకటుంది. అప్పటి ప్రొఫెషనల్ పట్టికలో సగం ప్రపంచం లేదు. సోవియట్ బాక్సర్లు, క్యూబా బాక్సర్లు అమెచ్యూర్లుగానే ఉండిపోయారు. తియోఫిలో స్టీవెన్‌సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో వరుసగా స్వర్ణాలు గెలిచాడు. 1976లో అతను మొదటి రౌండ్లోనే పడగొట్టిన జాన్ టేట్ మూడేళ్లకు డబ్ల్యూబీఏ (వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్) ఛాంపియన్ అయ్యాడు. ఇప్పుడు ఉక్రెయిన్ ఉసిక్, జర్మనీ కబాయెల్, చైనా జాంగ్ అందరూ ఒకే పట్టికలో ఉన్నారు. కాలాలను పోల్చేటప్పుడు ఎవరిని అసలు లోపలికి రానివ్వలేదో కూడా లెక్కలోకి రావాలి.

ఎడమహుక్:
ఒప్పుకుంటాను. ఈ మాట మరీ వెనకటి కాలానికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. శామ్ లాంగ్‌ఫర్డ్, జో జానెట్, శామ్ మెక్‌వే, హ్యారీ విల్స్, వీళ్లలో ఒక్కరికీ వర్ణవివక్ష వల్ల ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడే అవకాశమే ఇవ్వలేదు. 1909లో పారిస్‌లో జానెట్, మెక్‌వే 49 రౌండ్లు కొట్టుకున్నారు! 1919-26 ఛాంపియన్ డెంప్సీ కాలం లోతు చూడాలంటే విల్స్ పేరు లేని పట్టిక పనికిరాదు.

ఛాంపియన్ జో లూయిస్ 25 డిఫెన్సుల (టైటిల్ కాపాడుకున్న ఫైట్ల) మీద కూడా ఒక మాట. 1941 ఒక్క ఏడాదిలోనే ఏడుసార్లు టైటిల్ కాపాడుకున్నాడు. వాటిలో చాలావరకు సులువైనవే. బిల్లీ కాన్ ఫైట్ మాత్రం వేరు. లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చిన కాన్ పన్నెండు రౌండ్లయ్యేసరికి ఇద్దరు జడ్జీల స్కోరు కార్డుల మీద ముందున్నాడు. పదమూడో రౌండ్లో నాకౌట్ కోసం లూయిస్‌తో దగ్గరగా కొట్లాటకు దిగి, రౌండ్ ముగియడానికి రెండు సెకన్లుండగా పడిపోయాడు.

జాబ్‌తర్వాతక్రాస్:
నా ఓటు తొంభైలకు. లెనాక్స్ లూయిస్, హోలీఫీల్డ్, బోవీ, టైసన్‌లను పక్కన పెట్టండి. రే మెర్సర్‌ను తీసుకోండి. 1996లో లూయిస్‌ను పది రౌండ్లు ముప్పుతిప్పలు పెట్టి మెజారిటీ డెసిషన్‌తో (ఇద్దరు జడ్జీలు లూయిస్‌కు, ఒకరు సమానంగా ఇచ్చారు) ఓడాడు. 1997లో ఇబియబుచీ, టువా పన్నెండు రౌండ్లలో కలిపి 1,730 పంచ్‌లు విసిరారు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ లెక్కల్లో హెవీవెయిట్ రికార్డు అది. ఇద్దరూ ప్రపంచ టైటిల్ గెలవలేదు.

కార్నర్‌స్టూల్:
మెర్సర్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. 1992లో 42 ఏళ్ల హోమ్స్ చేతిలో మెర్సర్ ఓడిపోయాడు. 1994లో 45 ఏళ్ల ఫోర్‌మన్ మూరర్‌ను నాకౌట్ చేసి ఛాంపియన్ అయ్యాడు. అంత లోతున్న కాలంలో ముసలివాళ్లు ఎలా గెలిచారండి?

జాబ్‌తర్వాతక్రాస్:
సరైన ప్రశ్నే. పూర్తి లెక్క చూడండి. ఆ ఫోర్‌మన్ 1991లో హోలీఫీల్డ్ చేతిలో, 1993లో మోరిసన్ చేతిలో ఓడాడు. మూరర్‌తో కూడా ముగ్గురు జడ్జీల కార్డుల మీదా వెనకబడే ఉన్నాడు, పదో రౌండ్లో ఆ కుడిచెయ్యి తగిలింది. హోమ్స్ కూడా మెర్సర్ తర్వాత నాలుగు నెలలకే హోలీఫీల్డ్ చేతిలో ఓడాడు. వయసు మీద పడ్డా చేతి బలం, రింగు తెలివి త్వరగా పోవు. పోయేది కాళ్ల వేగం, పంచ్‌ల సంఖ్య. కాబట్టి వాళ్ల గెలుపులతో పాటు ఓటములూ ఎక్కించాలి.

పదిహేనోరౌండు:
ఎనభైలను ఎవరూ ముట్టుకోలేదు. 1982 డిసెంబర్ నుంచి 1987 మార్చి దాకా డబ్ల్యూబీఏ బెల్టు ఏడుసార్లు చేతులు మారింది: డోక్స్, కోట్సీ, పేజ్, టబ్స్, విదర్‌స్పూన్, స్మిత్, టైసన్. దీన్ని బలహీనత అంటారు. నాకైతే నడుమ వరుసంతా దాదాపు ఒకే స్థాయిలో ఉందనిపిస్తుంది. విదర్‌స్పూన్ 15 ఫైట్ల అనుభవంతోనే 1983లో హోమ్స్‌ను స్ప్లిట్ డెసిషన్ (ఇద్దరు జడ్జీలు హోమ్స్‌కు, ఒకరు విదర్‌స్పూన్‌కు) దాకా లాగాడు.

క్లిచ్‌కో అన్నదమ్ములు విటాలి, వ్లాదిమిర్‌ల కాలానికి ఈ పద్ధతి నప్పదు. వ్లాదిమిర్ 2006 నుంచి 2015 దాకా వరుసగా 18 డిఫెన్సులు చేశాడు. ఆ ఏళ్లలో చాలాభాగం ఒకటి, రెండు ర్యాంకుల్లో ఉన్నది అన్నదమ్ములే. ఒకరితో ఒకరు తలపడరు కదా. అక్కడ పైవరుస వదిలేసి మూడు నుంచి పది దాకా మాత్రమే లెక్కేయండి.

ఎడమహుక్:
ఇప్పటి వాళ్లకు ఇంకో సర్దుబాటు కావాలి. డెబ్బైల్లో పైవరుస వాళ్లు ఏడాదికి మూడు నాలుగు ఫైట్లు చేసేవాళ్లు. ఇప్పుడు ఒకటో రెండో. అటు ఇటు రెండేళ్లు సరిపోవు, మూడేళ్లు తీసుకోండి. అలా చూస్తే పార్కర్ 2023 డిసెంబర్‌లో వైల్డర్‌ను, 2024 మార్చిలో జాంగ్‌ను, 2025 ఫిబ్రవరిలో బకోలేను ఓడించడం, అదే ఏడాది అక్టోబర్‌లో వార్డ్‌లీతో ఫైట్‌ను పదకొండో రౌండ్లో రిఫరీ ఆపేయగా ఓడిపోవడం, అన్నీ ఒకే చట్రంలోకి వస్తాయి. బరువు కూడా పక్కన రాసుకోండి. 1950ల ఛాంపియన్ మార్సియానో బరువు 190 పౌండ్ల లోపే, ఈనాటి 200 పౌండ్ల హద్దు ప్రకారం అతను క్రూజర్‌వెయిట్ (హెవీవెయిట్ కన్నా తేలిక తరగతి).