ఉగాది సాయంత్రం యూయూల సంగతి: వాలంటీర్లందరూ చూడండి

లియాన్‌లో మన ఉగాదికి ఈసారి అల్జీరియా కుటుంబాలు కూడా వస్తున్నాయి కదా, పిల్లలకు బహుమతులిచ్చేటప్పుడు యూయూలు (సంతోషంలో ఆడవాళ్లు గొంతెత్తి చేసే ధ్వని) వేస్తామని వాళ్ల పెద్దావిడ చాలా ముచ్చటపడి అడిగారు. నేను సరే అన్నాను. అయితే ప్రోగ్రాం షీట్‌లో దాన్ని "అరబ్ అరుపులు, 3 నిమిషాలు" అని ఎక్కించారు, దయచేసి ఆ లైను తీసేయండి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉత్తర అల్జీరియాకు చెందిన కబైల్‌లు, ఇంట్లో మాట్లాడేది అమాజిగ్ భాష, అరబ్బీ కాదు.

పైగా అది అరుపూ కాదు, ఐటమూ కాదు. అరబ్బీలో జఘారీద్ అంటారు, ఫ్రాన్స్‌లో యూయూ. గొంతు బాగా పైకెత్తి నాలుకను చకచకా ఆడిస్తే వచ్చే ధ్వని, చాలామంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పెళ్లి, గోరింటాకు రాత్రి, బిడ్డ పుట్టడం, హజ్ నుంచి తిరిగిరావడం, బకలోరియా (స్కూలు చివరి పరీక్ష) పాసవడం, ఏదైనా సరే ఇంట్లో శుభం జరిగిందని వీధికి తెలిసేది దాంతోనే. ఒకావిడ అందుకుంటే మిగతావాళ్లు కలుపుతారు. తాళి కట్టే క్షణంలో మనకు గట్టిమేళం ఎలాగో అలాగన్నమాట, గడియారం చూసి మొదలయ్యేది కాదు. 1960 డిసెంబరులో అల్జీర్స్‌లో స్వాతంత్ర్యం కోసం జనం వీధుల్లోకి వచ్చినప్పుడు ఆడవాళ్లు యూయూలతోనే వాళ్లకు ధైర్యమిచ్చారు. వచ్చే పెద్దవాళ్లలో అది గుర్తున్నవాళ్లు ఉంటారు, అందుకే ఎవరూ ఆటపట్టించినట్టు అనుకరించకుండా చూడాలి.

సౌండ్ టీమ్: అక్కా, మైకు ఎవరికివ్వాలి? స్టేజీ మీదికి పిలుద్దామా?

వద్దు తమ్ముడూ. వాళ్లు కూర్చున్నచోటి నుంచే వస్తుంది, ఆ చిన్న హాలుకి గొంతే చాలు. మైకులో పెడితే ఆ పైస్థాయికి చెవులు గింగురుమంటాయి. రికార్డింగులు కూడా వద్దు. నువ్వు చేయాల్సిందల్లా ఒక్కో పిల్ల పేరు పిలవగానే మ్యూజిక్ ఆపేసి కాస్త ఖాళీ వదలడమే.

యాంకరింగ్ చేసేవాళ్లు ముందుగా రెండు ముక్కల్లో సంగతి చెప్పండి, పసిపిల్లలున్న తల్లులకు టెన్షన్ ఉండదు. మన ఆడవాళ్లలో గొంతు కలపాలని ఉన్నవాళ్లు శనివారం రిహార్సల్‌కి ఓ అరగంట ముందు రండి, ఆ అల్జీరియా పెద్దావిడే నేర్పుతానన్నారు. మన బెంగాలీ కోడలికి ఉలుధ్వని (బెంగాల్లో శుభకార్యాలప్పుడు ఆడవాళ్లు చేసే ఇలాంటి ధ్వనే) చిన్నప్పటి నుంచీ అలవాటే, ముందు వరసలో తనని కూర్చోబెడదాం. పేర్లు గురువారం లోపు ఇక్కడే రాయండి.