నాన్నగారికి సొంత ఇల్లు, నా భార్యకు ఖాళీ స్థలం: వడ్డీ రాయితీకి మేము అర్హులమేనా?

ప్రశ్న: గుంటూరులో రూ.33 లక్షలకు ఒక ఫ్లాటు మాట్లాడుకున్నాము. అందులో రూ.24 లక్షలు బ్యాంకు రుణం. ఏడాదికి నా జీతం రూ.5.40 లక్షలు, నా భార్య జీతం రూ.1.80 లక్షలు. తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారి పేరిట స్లాబు ఇల్లు, నా భార్య పేరిట పుట్టింటివారిచ్చిన ఖాళీ స్థలం ఉన్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2.0లో వడ్డీ రాయితీ మాకు వర్తిస్తుందా? ఆదాయ పరిమితి రూ.18 లక్షలని ఒకరు, రూ.9 లక్షలని మరొకరు చెబుతున్నారు.

జవాబు: రూ.9 లక్షలే సరైనదండి. రూ.18 లక్షల పరిమితి పాత పథకంలో మధ్యతరగతి వారికి ఉండేది, దాని గడువు 2021 మార్చి 31తోనే ముగిసింది. ఇప్పుడు చూసేది కుటుంబం మొత్తం ఆదాయం కనుక మీ ఇద్దరి జీతాలూ కలిపి రూ.7.20 లక్షలుగా లెక్కించి, మిమ్మల్ని రూ.6 నుంచి 9 లక్షల మధ్యతరగతి వర్గంలో చేరుస్తారు.

ఇక ఇంటి విషయానికి వస్తే, ఈ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు మాత్రమే. వీరిలో ఎవరి పేరిటా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. మీకు పెళ్లయింది కాబట్టి నాన్నగారి ఇల్లు మీ లెక్కలోకి రాదు, ఖాళీ స్థలం ఇల్లు కాదు కనుక దానివల్ల కూడా ఇబ్బంది లేదు. అయితే గత 20 ఏళ్లలో మీ కుటుంబం కేంద్ర, రాష్ట్ర, స్థానిక సంస్థల గృహ పథకాల్లో దేనికింద లబ్ధి పొందినా అర్హత పోతుంది.

ఇంటి విలువ రూ.35 లక్షలు, రుణం రూ.25 లక్షలు, కార్పెట్ ఏరియా (ఇంటి లోపల మీరు వాడుకునే నేల విస్తీర్ణం) 120 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,290 చదరపు అడుగులు దాటకూడదు. బిల్డర్లు చెప్పే విస్తీర్ణంలో మెట్లు, కారిడార్లు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, ఆ అంకె చూసి బెంగపడకుండా కార్పెట్ ఏరియా ఎంతో విడిగా అడగండి. రుణం 2024 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరై, విడుదలై ఉండాలి.

ప్రశ్న: ధన్యవాదాలండి. రెండేళ్లలో చీటీ డబ్బు చేతికొస్తుంది, దానితో అప్పు చాలావరకు తీర్చేద్దామనుకుంటున్నాను. రాయితీకి ఏమైనా అడ్డమా?

జవాబు: అడ్డమే. మొదటి రూ.8 లక్షలపై 4 శాతం చొప్పున, 12 ఏళ్ల కాలపరిమితి వరకు లెక్కగట్టే ఈ రాయితీ గరిష్ఠంగా రూ.1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. ప్రతి వాయిదా నాటికి ఖాతా సక్రమంగా నడుస్తూ, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. మీ రుణంలో అసలు రూ.12 లక్షలకు దిగిందంటే తర్వాతి వాయిదాలు రావు. చీటీ డబ్బు కట్టేముందు మిగతా రాయితీ వాయిదాలు ఎంతో, అప్పు ముందే తీర్చడంవల్ల ఆదా అయ్యే వడ్డీ ఎంతో బ్యాంకులో లెక్క వేయించుకోండి. ఆదా అయ్యే వడ్డీయే ఎక్కువైతే మాత్రం రాయితీ కోసం అప్పు మోయనక్కరలేదు.