ఫీడ్‌లో పైన ఏది ఉండాలి: కొత్తదా, మనకి కావాల్సిందని యాప్ అనుకున్నదా?

బుడమేరు_పక్కన:

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా అత్తావాళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో మేడ మీద ఇరుక్కుపోయారు. పడవ ఎటు వస్తోంది, పాల ప్యాకెట్లు, మంచినీళ్లు ఎక్కడ దించుతున్నారు అని నేను ఫోన్లో వెతుకుతున్నాను. నేను వాడే ఒక పెద్ద యాప్ పైన చూపించినవన్నీ నిన్నటివి, మొన్నటివి. "ఫలానా వీధిలో పెద్దాయన ఉన్నారు, పడవ పంపండి" అన్న పోస్టుకి బోలెడన్ని షేర్లు. కామెంట్లలో ఎక్కడో కింద "నిన్న సాయంత్రమే తీసుకొచ్చేశారండీ" అని ఉంది. అయినా జనం షేర్ చేస్తూనే ఉన్నారు, యాప్ దాన్ని పైకి తోస్తూనే ఉంది. అప్పుడే ఎవరో పెట్టిన పోస్టు మాత్రం అట్టడుగున.

నా వాదన సింపుల్. ఎవరిని ఫాలో అవ్వాలో నేనే ఎంచుకున్నాను. వాళ్లు రాసినవి రాసిన వరుసలో చూపిస్తే చాలు. "మీకు పనికొచ్చేవి ముందు చూపిస్తున్నాం" అంటారు గానీ, నాకేది పనికొస్తుందో ఎవరూ నన్ను అడగలేదు. దేని మీద ఎంతసేపు ఆగానో లెక్కపెట్టుకున్నారు, అంతే. రోడ్డు మీద గొడవ జరుగుతుంటే నేనూ ఆగి చూస్తాను. అలాగని రోజూ మా గుమ్మం ముందు గొడవ పెట్టించమని కాదు కదా.

డిఫాల్ట్‌గా (మనం ఏదీ మార్చకపోతే) టైమ్ వరుస ఉండాలా, ర్యాంకింగ్ (యాప్ తనే లెక్కగట్టి పెట్టే వరుస) ఉండాలా? మీరేమంటారు?

ర్యాంకింగ్_రావు:

నేను హైదరాబాద్‌లో ఇలాంటి ర్యాంకింగ్ పనే చేస్తాను (సోషల్ మీడియా కాదు, షాపింగ్ యాప్). తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా.

వరద విషయంలో మీరన్నదానికి ఎదురు చెప్పను. మామూలు రోజు సంగతి చూద్దాం. 2016లో టైమ్ వరుస తీసేస్తూ ఇన్‌స్టాగ్రామ్ చెప్పిన కారణం ఇది: సగటున ఒక మనిషి తన ఫీడ్‌లోని పోస్టుల్లో 70 శాతం చూడనే చూడట్లేదు. అంటే ఎలాగూ 30 శాతమే చూస్తాం. ఆ 30 ఏవి అన్నదే ప్రశ్న. టైమ్ వరుసలో అవి మీరు ఫోన్ తీసే ముందు అరగంటలో రాసినవాళ్లవి. గుడ్ మార్నింగ్ పూలు, పంచాంగం, రాశిఫలాలు ఆపకుండా పెట్టే మీ పెదనాన్నగారివి. ఎప్పుడో నెలకోసారి రాసే స్నేహితుడు పొద్దున్న పెట్టింది మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి మరుగున పడిపోతుంది. టైమ్ వరుస కూడా ఒక ర్యాంకింగే సార్. కాకపోతే ఎక్కువ మాట్లాడేవాడికి ఎక్కువ మార్కులేస్తుంది.

ఫేస్‌బుక్ మొదట్లో వాడిన ఎడ్జ్‌ర్యాంక్ పద్ధతిని 2010లో వాళ్లే వివరించారు. రాసినవాళ్లతో మీకెంత దగ్గరితనం, అది ఏ రకం పోస్టు, ఎంత పాతది. ఈ మూడింటినీ కలిపి లెక్కగట్టేవారు. ఇందులో దుర్మార్గం ఏముంది?

బుడమేరు_పక్కన:

ఆ మూడింటి దగ్గర ఆగి ఉంటే నేనీ చర్చ పెట్టేవాణ్ణే కాదు సార్.

పాత_ఆర్కుట్_బ్యాచ్:

కాస్త చరిత్ర. 2006 సెప్టెంబరు 5న ఫేస్‌బుక్‌లో న్యూస్ ఫీడ్ వచ్చింది. అంతకు ముందు ఎవరేం చేస్తున్నారో తెలియాలంటే వాళ్ల ప్రొఫైల్‌కి వెళ్లి చూడాల్సిందే, మనం అప్పట్లో ఆర్కుట్ సైటులో ఒకరి స్క్రాప్‌బుక్ (మెసేజీలు రాసే పేజీ) నుంచి ఇంకొకరి స్క్రాప్‌బుక్‌కి తిరిగినట్టు. ఫీడ్ రాగానే అమెరికా కాలేజీ పిల్లలు భగ్గుమన్నారు. వ్యతిరేక గ్రూపులో లక్షల మంది చేరారు. తమాషా ఏమిటంటే ఆ గ్రూపు అంత త్వరగా పెరిగిందే ఫీడ్ వల్ల. "మీ స్నేహితుడు ఇందులో చేరాడు" అని అందరికీ చాటింది అదే మరి! జుకర్‌బర్గ్ "శాంతించండి, ఊపిరి పీల్చుకోండి, మీ మాట వింటున్నాం" అని రాశాడు, ప్రైవసీ సెట్టింగులు చేర్చాడు, ఫీడ్ మాత్రం తీయలేదు. అన్నట్టు ఆ ఫీడ్ ప్రాజెక్టు చూసుకున్న రుచి సంఘ్వి మన పుణె అమ్మాయే.

జనం తిడుతూనే ఇంకా ఎక్కువ వాడారు. అప్పటి నుంచీ ఈ కంపెనీలకి ఒక అలవాటు పడిందని నా అనుమానం. వాడేవాడు నోటితో ఏమన్నాడో వదిలెయ్, వేలు ఎటు పోతోందో చూడు! బుడమేరు గారి బాధకి మూలం ర్యాంకింగ్ కాదు, ఈ అలవాటు.

మగ్గం_లక్ష్మి:

అందరూ చదివేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. అమ్ముకునేవాళ్ల మాట కూడా వినండి.

మాది మంగళగిరి. నిజాం అంచు చీరలు, డ్రెస్ మెటీరియల్ ఫొటోలు పెట్టి అమ్ముతాం. మొదట్లో మా పేజీని ఫాలో అయ్యింది చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ. టైమ్ వరుసే ఉంటే ఇప్పటికీ వాళ్లకే అమ్ముకుంటూ ఉండేవాళ్లం. కాటన్ చీరలు ఎక్కువగా చూసే ఎవరో తెలియనావిడకి, బెంగళూరులోనో విశాఖలోనో, మా ఫొటో చూపించింది ర్యాంకింగే. అది లేకపోతే మాకు బేరాల్లేవు.

అయితే తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. వీడియోలకే విలువ పెరిగింది. మేము పెట్టే ఫొటోలు మమ్మల్ని ఫాలో అయినవాళ్లకి కూడా వెళ్లడం తగ్గిపోయింది. పాత కస్టమర్లు "చీరలు పెట్టడం మానేశారేంటమ్మా?" అని ఫోన్ చేసి అడిగారు. రోజూ పెడుతూనే ఉన్నాను! చీర చూపించాలంటే బట్ట దగ్గరగా పెట్టి తీయాలి, అంచులో జరీ కనపడాలి. రీల్‌లో పాట తెలుస్తుంది గానీ నేత తెలియదు. ఇప్పుడు మా మేనల్లుడు రీళ్లు చేస్తున్నాడు, నేను ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తున్నాను.

నేను అడిగేది రెండు వేరు వేరు పేజీలు. నన్ను కోరి ఫాలో అయినవాళ్లకి నా పోస్టు తప్పకుండా, పెట్టిన వరుసలో చేరాలి. కొత్తవాళ్లకి చూపించే చోట మీ ర్యాంకింగ్ మీరు చేసుకోండి. రెండూ ఒకే కుండలో పోసి కలిపేయడం వల్లే ఈ గొడవంతా.

న్యూజెర్సీ_మామ:

లక్ష్మి గారు చెప్పింది నిజం. నాకు బాధ కలిగించేది చావు కబుర్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు పోయారు. ఆయన కొడుకు పెట్టిన పోస్టు నా కంటబడేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అప్పటిదాకా నా ఫీడ్ నిండా ఎవరివో కుక్కపిల్లలు, ఎవరివో ఉల్లికారం దోసెలు. ఎందుకలా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: చావు కబురు చదివినవాడు లైకు కొట్టి ఊరుకోడు, ఫోన్ తీసి ఇంటివాళ్లని పలకరిస్తాడు. ఆ ఫోన్ యాప్ లెక్కలోకి రాదు. దాని దృష్టిలో అది ఎవరూ పట్టించుకోని పోస్టు.

ఫ్యాన్స్_బాధితుడు:

మాది గుంటూరు. నేను చదివేది మిర్చి యార్డు ధరలు, తెగుళ్ల మందులు. ఒక యాప్‌కి నేను తెలుగువాణ్ణని అర్థమైంది. ఇక తెలుగువాడంటే హీరో ఫ్యాన్ అని తీర్మానించేసింది. పొద్దున్న లేస్తే కలెక్షన్ల లెక్కలు, ఒకళ్లనొకళ్లు బండబూతులు. "ఆసక్తి లేదు" అని నొక్కితే ఆ హీరో పోయి ఇంకో హీరో వస్తున్నాడు.

సామాజిక_సుధ:

కొంచెం సాక్ష్యం కూడా చూద్దాం. ఇది రెండు వైపులకీ ఇబ్బందికరమైనదే.

ముందు బుడమేరు గారి పక్షం. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ర్యాంకింగ్ మార్చింది, స్నేహితులు, కుటుంబం మధ్య మాటామంతీ పెంచడానికి అని చెప్పింది. ఆచరణలో కామెంట్లకీ, రియాక్షన్లకీ మామూలు లైకు కన్నా ఎక్కువ బరువు ఇచ్చారు. 2017 నుంచే కోపం గుర్తుకి లైకుకి ఐదు రెట్ల విలువ ఉండేదని, ఆ కంపెనీ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల ద్వారా 2021లో లోకానికి తెలిసింది. ఆ విలువని తగ్గించుకుంటూ వచ్చి 2020 సెప్టెంబరులో సున్నా చేశారు. అంటే ఏళ్ల తరబడి మనకి కోపం తెప్పించింది మనకి నచ్చినట్టు లెక్క. ఫ్యాన్స్_బాధితుడు గారి ఫీడ్ వెనక కూడా ఇలాంటి లెక్కే ఉండి ఉంటుంది. బూతుల కింద కామెంట్లు ఎక్కువ, మిర్చి ధర కింద ఏం కామెంట్ పెడతాం?

ఇక రావు గారి పక్షం. 2020 అమెరికా ఎన్నికల సమయంలో ఒక ప్రయోగం జరిగింది, ఫలితాలు 2023 జులైలో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఒప్పుకున్న వేలమందికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మూడు నెలల పాటు టైమ్ వరుస పెట్టారు. వాళ్లు ఆ యాప్‌ల మీద గడిపే సమయం బాగా తగ్గింది. ఫేస్‌బుక్‌లో అసభ్యమైన మాటలు కనిపించడం తగ్గింది. కానీ రాజకీయాల పోస్టులు, నమ్మదగని చోట్ల నుంచి వచ్చే సమాచారం మాత్రం పెరిగాయి. రాజకీయ ద్వేషం విషయంలో చెప్పుకోదగ్గ మార్పు ఏమీ కనిపించలేదు. మూడు నెలలు చాలవు అనొచ్చు, అదీ ఎన్నికల కాలం. అయినా టైమ్ వరుస పెడితే మనుషులు బాగుపడతారన్న ఆశకి ఇందులో ఆధారం లేదు.

ర్యాంకింగ్_రావు:

థాంక్స్ సుధ గారూ. ఇంకో మాట. వాట్సాప్‌లో ర్యాంకింగ్ లేదు, వచ్చింది వచ్చినట్టే చూపిస్తుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ తెలంగాణలో, ఆంధ్రాలో, దేశమంతా పుకార్లు తిరిగి అమాయకుల ప్రాణాలు పోయింది దాని మీదే. చివరికి ఆ ఏడాది జులైలో మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్‌లకి పరిమితం చేశారు. పని చేసింది వరుస మార్చడం కాదు, వేగం తగ్గించడం.

వరద పోస్టుల విషయంలో కూడా నాకైతే ఇలాంటి మార్పే సరైందనిపిస్తుంది. సాయం అడిగినవాళ్లు "పని అయిపోయింది" అని ఒక బటన్ నొక్కితే, ఆ పోస్టు ఎవరెవరు షేర్ చేశారో అన్ని చోట్లా ఆ గుర్తు పడాలి, పైకి రావడం ఆగిపోవాలి. చేయలేనంత కష్టమేం కాదు.

బుడమేరు_పక్కన:

ఆ బటన్‌కి నా ఓటు. కానీ రావు గారూ, సుధ గారూ, టైమ్ వరుస వల్ల మనుషులు మంచివాళ్లైపోతారని నేను అనలేదు. నా ఫీడ్ నాది కావాలన్నాను. మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ) మీద అమెరికాలో నడిచిన గుత్తాధిపత్యం కేసులో, 2025లో ఆ కంపెనీయే కోర్టుకి చెప్పుకున్న లెక్క చూడండి. ఫేస్‌బుక్‌లో జనం గడిపే సమయంలో స్నేహితుల పోస్టులు చూసేది 17 శాతం. ఇన్‌స్టాగ్రామ్‌లో 7 శాతం. ఆ కేసులో వాళ్లకి ఆ అంకె పనికొచ్చింది, "మేము స్నేహితుల నెట్‌వర్కే కాదు, వీడియో యాప్‌లతో పోటీ పడుతున్నాం" అని వాదించుకోవడానికి. నాకు మాత్రం వేరే అర్థమైంది. దోస్తుల కోసం చేరినవాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టారు.

యూరప్‌లో ఒక దారి ఉంది. వాళ్ల డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం, నెలకి 4.5 కోట్ల మంది దాటి వాడే పెద్ద వేదికలు, మన అలవాట్ల చిట్టాతో సంబంధం లేని ఫీడ్ కనీసం ఒకటి ఇచ్చి తీరాలి. పెద్ద కంపెనీలకి ఇది 2023 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. మనకి 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ అది డేటా తీసుకునేటప్పుడు మన అనుమతి గురించి మాట్లాడుతుంది, ఫీడ్ జోలికి పోదు.

సామాజిక_సుధ:

ఎంపిక ఇవ్వడం వేరు, దొరికేట్టు ఇవ్వడం వేరు. 2022 మార్చిలో ఇన్‌స్టాగ్రామ్ "ఫాలోయింగ్" అని టైమ్ వరుస మళ్లీ తెచ్చింది. దాన్ని డిఫాల్ట్‌గా పెట్టుకోనివ్వలేదు. యాప్ మూసి తెరిస్తే మళ్లీ మొదటికే. అలా ఇచ్చి, "చూశారా, ఎవరూ వాడట్లేదు" అంటే ఎలా?

ర్యాంకింగ్_రావు:

న్యాయమైన మాటే. బ్లూస్కై అనే సోషల్ మీడియా యాప్‌లో 2023 నుంచి ఎవరికి వాళ్లు ఫీడ్ తయారుచేసి పెట్టొచ్చు, నచ్చినవాళ్లు దాన్ని తగిలించుకోవచ్చు. మిర్చి ధరల ఫీడ్, చావు కబుర్ల ఫీడ్, చేనేత ఫీడ్, ఏదైనా. ఎవరికి ఏది ముఖ్యమో వాళ్లే చెప్పుకునే పద్ధతి. కానీ తయారుచేసేవాళ్లు ఉండాలి, తెలుగులో ఉండాలి. మా పెద్దమ్మ చేత ఫీడ్ ఎంచుకోమనడం జరిగే పని కాదు. ఆవిడకి తెరవగానే ఏదో ఒకటి కనపడాలి.

న్యూజెర్సీ_మామ:

మీ పెద్దమ్మగారికి కనపడాల్సింది మనవడి ఫొటో. అది కనుక్కోవడానికి ఇన్ని సూపర్ కంప్యూటర్లు కావాలా?

మగ్గం_లక్ష్మి:

బుడమేరు అన్నయ్యా, ఒకటి మాత్రం ఒప్పుకోను. చట్టం పెట్టి అందరికీ డిఫాల్ట్ టైమ్ వరుస చేస్తే నాలాగ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరికీ కనపడరు. పెద్ద షోరూములు మనుషుల్ని పెట్టుకుని గంటకో పోస్టు వేస్తాయి. మాకు మగ్గం పని, ప్యాకింగ్, కొరియర్ చూసుకున్నాక రోజుకి ఒకటి వేయడమే గొప్ప.

బుడమేరు_పక్కన:

సరే అమ్మా, మీరన్నట్టే రెండు పేజీలు పెట్టమందాం. ఏది వదిలి వెళ్తే మళ్లీ అదే తెరుచుకోవాలి. యాప్ పెట్టుకున్న మొదటి రోజే "మీకేది కావాలి?" అని అడగాలి.

ర్యాంకింగ్_రావు:

మొదటి రోజు అడిగితే ఎవరూ చదవరు సార్, "నెక్స్ట్, నెక్స్ట్" కొట్టేస్తారు. నా అనుభవంతో చెప్తున్నా.

బుడమేరు_పక్కన:

అయితే మూడు నెలలకోసారి మళ్లీ అడగండి. "మా యాప్‌కి ఐదు స్టార్లు ఇవ్వండి" అని వారం వారం అడగడానికి మీకు ఎప్పుడూ మొహమాటం లేదుగా.