థెర్మోసైఫన్ బండికి కరెంటు వాటర్ పంపు: పెట్టొచ్చా, పెట్టకూడదా?

సైడ్‌వాల్వ్:
నాది 1930ల నాటి నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వ్ బండి. దీనికి వాటర్ పంపు లేదు, మొదట్నుంచీ థెర్మోసైఫనే, అంటే వేడికి నీళ్ళు వాటంతట అవే తిరగడం. ఖాళీ రోడ్డు మీద ఎంతదూరమైనా హాయిగా పోతుంది. ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగిందంటే మాత్రం రేడియేటర్ మూతలోంచి ఆవిరి. కింది హోస్‌లో చిన్న కరెంటు పంపు బిగిద్దామనుకుంటున్నా. బ్లాక్‌కి గానీ రేడియేటర్‌కి గానీ ఒక్క బెజ్జం కూడా వెయ్యను. బండి కరెంటు 6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది). పెట్టినవాళ్ళూ, వద్దనేవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

రాగితొట్టి:
నేను వద్దనే అంటాను. థెర్మోసైఫన్‌లో నీళ్ళని తిప్పేది బరువులో తేడా ఒక్కటే. వేడి నీళ్ళు తేలికై పైకి పోతాయి, రేడియేటర్‌లో చల్లారి కిందికి దిగుతాయి. 90 డిగ్రీల నీళ్ళకీ 60 డిగ్రీల నీళ్ళకీ బరువులో తేడా నూటికి రెండు పాళ్ళు కూడా ఉండదు. అంత చిన్న తోపుడుతో పని జరగాలి కాబట్టే గొట్టాలు అంత లావుగా పెట్టారు. ఫోర్డ్ మోడల్ టి తొలి బండ్లకి పంపు ఉండేది. ఫోర్డ్ వాళ్ళే దాన్ని తీసేసి, 1927లో ఆ మోడల్ ఆగిపోయేదాకా థెర్మోసైఫన్ మీదే నడిపించారు. ఆస్టిన్ సెవెన్ కూడా పంపు లేని బండే. కాబట్టి పంపు లేకపోవడం లోపం కాదు. అప్పట్లో మరగని బండి ఇప్పుడు మరుగుతోందంటే లోపల ఏదో మారింది. అదేమిటో ముందు పట్టుకోండి.

గ్లాండునట్టు:
మారింది ట్రాఫిక్ కదండీ! అప్పట్లో ఎవరు ఇంతసేపు ఐడిలింగ్‌లో నిలబెట్టారు? నేను పంపు పెట్టి నాలుగేళ్ళయింది, ఒక్కసారి కూడా మరగలేదు. ఇంకో లాభం ఉంది. ఇంజన్ ఆపిన వెంటనే హెడ్‌లో ఉన్న వేడంతా నీళ్ళలోకి దిగుతుంది, గుడగుడమని చప్పుడు వస్తుంది. నేను రెండు నిమిషాలు పంపు నడవనిస్తాను, ఆ చప్పుడే లేదు. బెల్టు పంపు కూడా ఆ పని చెయ్యలేదు, ఇంజన్‌తో పాటే ఆగిపోతుంది.

ఒక్క జాగ్రత్త. మొదట నేను పెద్ద పంపు పెట్టి తప్పు చేశాను. రేడియేటర్ సన్నగొట్టాలు దించగలిగిన దానికన్నా ఎక్కువ నీళ్ళు పైతొట్టిలోకి తోసింది, మిగిలిందంతా ఓవర్‌ఫ్లో పైపులోంచి రోడ్డు మీదికి. బండి మరగలేదు గానీ నీళ్ళు లేకుండా పోయింది. తర్వాత చిన్నది పెట్టాను.

ఆరువోల్టులు:
కరెంటు లెక్క ఎవరూ చూడట్లేదు. 36 వాట్ల హెడ్‌లైట్లు రెండు వేస్తే 6 వోల్టుల మీద 12 ఆంపియర్లు. ఆ కాలపు డైనమో ఆ ఒక్క పనికే ఆయాసపడుతుంది. పైగా ఐడిలింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, అమ్మీటర్ ముల్లు మైనస్ వైపు వాలుతుంది. పంపు అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. అందుకని విడిగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టి, బండి వైరింగ్‌కి తగలకుండా పంపుని దానికే కలపండి. 20 వాట్ల పంపుకి 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ లెక్క ప్రకారం నాలుగు గంటలు, నమ్ముకోదగ్గది మూడు. ట్రాఫిక్‌లోనే వేస్తారు కాబట్టి చాలు.

బ్రష్‌లున్న మోటారుకి వైర్లు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది. అయినా నీళ్ళు అదే వైపుకి, నీరసంగా వస్తూనే ఉంటాయి. పని చేస్తోందనుకుని మోసపోతారు. బ్రష్‌లెస్ అయితే కాలిపోయినా పోవచ్చు.

రాగితొట్టి:
గ్లాండునట్టు గారూ, నా అసలు భయం వేరే. పంపు ఆగిపోయిన రోజు సంగతేంటి? బెల్టు పంపు పోయే ముందు కారుతుంది, కూస్తుంది. ఇది ఫ్యూజ్ పోతే చప్పుడు లేకుండా ఆగుతుంది. ఆగిన ఇంపెల్లర్, అంటే నీళ్ళు తోసే రెక్కల చక్రం, కింది హోస్‌లో అడ్డంగా కూర్చుంటుంది. ఆ రెండు పాళ్ళ తోపుడు దాన్ని దాటలేదు. అంటే కొత్తది పోవడమే కాదు, పాత థెర్మోసైఫన్‌ని కూడా చంపుతుంది. పక్కనుంచి బైపాస్ వేస్తే పంపు తోసిన నీళ్ళు ఆ దారినే వెనక్కి తిరుగుతాయి, దానికి మళ్ళీ ఒకవైపే తెరుచుకునే వాల్వ్ కావాలి.

గ్లాండునట్టు:
ఈ మాట ఒప్పుకుంటున్నాను. పంపు ఆపి నడిపితే నా బండి మామూలు కన్నా తొందరగా వేడెక్కుతుంది, చూశాను. అందుకే పైతొట్టిలో టెంపరేచర్ స్విచ్, డాష్ మీద ఎర్ర లైటు పెట్టుకున్నాను. అవి లేకుండా పెట్టొద్దని నేనూ చెబుతాను.

సైడ్‌వాల్వ్:
ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూశాను. మరిగే ముందు పై హోస్ 96, కింది హోస్ 52.

గ్లాండునట్టు:
చూశారా! 44 డిగ్రీలు చల్లారుస్తోందంటే రేడియేటర్ భేషుగ్గా ఉంది. తక్కువైంది ప్రవాహం. పంపు కావలసింది ఇలాంటి బండికే.

రాగితొట్టి:
ప్రవాహం తక్కువే, నిజం. ఎందుకు తక్కువైంది? రేడియేటర్ కోర్ (సన్నగొట్టాలున్న భాగం) మీద కూడా థర్మామీటర్ పెట్టి, దాన్ని గళ్ళుగా అనుకుని ఒక్కో గడిలో వేడి ఎంతో రాయండి. బ్లాక్ వెనక చివరి సిలిండర్ దగ్గర కోర్ ప్లగ్ (బ్లాక్‌లో నీళ్ళు తిరిగే జాకెట్‌కి ఉండే బిళ్ళ మూత) కూడా తీసి చూడండి, మట్టి చేరేది అక్కడే. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోయిందేమో, అంటే నిప్పురవ్వ ఆలస్యంగా పడుతోందేమో చూడండి, దానివల్ల కూడా ఇలాగే వేడెక్కుతుంది.

కోర్‌సాల్డర్:
నేను అసలుతనం పక్షం. అయినా హోస్‌లో పెట్టిన పంపుని నేను తప్పు పట్టను. పాత వాహనాల సమాఖ్య ఫీవా వాళ్ళ టురిన్ చార్టర్ కూడా అడిగేది, చేసిన మార్పుని వెనక్కి తీసే వీలుండాలనే. పాత హోస్ ముక్క దాచి పెట్టుకోండి చాలు.

సైడ్‌వాల్వ్:
టైమింగ్ సరిగ్గానే ఉంది. కోర్‌లో కుడివైపు మూడోవంతు దాదాపు చల్లగా ఉంది. ఇక వెనక కోర్ ప్లగ్ తీశాను. నీళ్ళు రాలేదు! స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తుప్పురంగు బురద ముద్దలు ముద్దలుగా ఊడిపడింది, దాని వెనకాల నీళ్ళు. చివరి సిలిండర్ చుట్టూ వేలు పెడితే జాకెట్ సగం ఎత్తు వరకూ గట్టిగా తగిలింది. రెండు రోజులు వంగిన కమ్మీతో గీకి, హోస్‌తో కొట్టి కడిగాను. రేడియేటర్ విప్పి కింది గొట్టం అరచేత్తో మూసి, నింపి వదిలితే నీళ్ళు ఒక్కసారి దూకాలి కదా, సన్నగా జారాయి. కోర్ ఊడదీసి గొట్టాలు రాడింగ్ చెయ్యడానికి (కమ్మీ దూర్చి శుభ్రం చెయ్యడానికి) ఇచ్చాను.

రాగితొట్టి గారి మాట విని మంచి పని చేశాను. పంపు పెట్టేసి ఉంటే ఆ బురద మీదుగానే నీళ్ళు తిప్పేవాణ్ణి, నాలుగో సిలిండర్ ఏ రోజో పగిలేది. అయినా గ్లాండునట్టు గారు చెప్పిన ట్రాఫిక్ సంగతి కొట్టిపారెయ్యలేను. కోర్ వచ్చాక పంపు లేకుండానే అదే రోడ్డు మీద, అదే ఎండలో పావుగంట ఐడిలింగ్‌లో నిలబెడతాను. పై హోస్ 90 దాటితే చిన్న పంపు, విడి బ్యాటరీ, ఎర్ర లైటు మూడూ కలిపి పెడతాను. అంకెలు ఇక్కడే రాస్తాను.